పడకలో ఉన్న డ్రైవరు విశ్రాంతిలో ఉన్నట్టు కాదు: ఇద్దరు డ్రైవర్ల లారీ నుంచి బహిరంగ లేఖ

సరుకు పంపే, అందుకునే సంస్థల బాధ్యులకు, గోదాముల నిర్వాహకులకు, రవాణా కంపెనీల యజమానులకు, లోడ్లు కేటాయించి బండ్లు పంపే డిస్పాచర్లకు, డ్రైవర్ల పని గంటల నిబంధనలు రాసే అధికారులకు,

నమస్కారం.

మేము జోడీగా లారీ నడిపేవాళ్ళం. ఒకే క్యాబిన్‌లో ఇద్దరు డ్రైవర్లం. ఒకరు స్టీరింగు పట్టుకుంటే మరొకరు సీటు వెనకున్న పడకలో ఉంటారు. కొన్ని గంటలకు స్థానాలు మారతాయి, లారీ మాత్రం డీజిల్‌కు తప్ప ఆగదు. మందులు, త్వరగా పాడయ్యే సరుకు, కర్మాగారంలో యంత్రం ఆగిపోతే పరుగున పంపే విడిభాగాలు, రేపటికల్లా అందుతుందని మీరు మాటిచ్చిన పార్శిళ్ళు, ఇలా ఆలస్యాన్ని ఓర్చుకోలేని సరుకంతా మా వెనకే వస్తుంది.

ఈ లేఖలో చెప్పబోయేవి మీకు కొత్త కాదు. కంపెనీకి అర్జీ ఇచ్చాం. గోదాములు తమ చేతిలో లేవన్నారు. గోదాముల్లో అడిగాం, మీ కంపెనీతో మాట్లాడుకోండి అన్నారు. నిబంధనలు చూసే కార్యాలయానికి రాశాం. అందినట్టు రసీదు వచ్చింది, ఆ తరువాత ఏమీ రాలేదు. ముగ్గురూ ఒకరినొకరు చూపించుకుంటున్నారు కాబట్టి ముగ్గురికీ కలిపి, అందరూ చదివేలా రాస్తున్నాం.

విషయం లెక్కతో మొదలుపెట్టాలి. అమెరికా నిబంధనల ప్రకారం సరుకు లారీ డ్రైవరు వరుసగా 10 గంటల విరామం తీసుకున్నాక గరిష్ఠంగా 11 గంటలు నడపవచ్చు. అవి కూడా పని మొదలుపెట్టిన 14 గంటల లోపే పూర్తి కావాలి. ఐరోపా సమాఖ్యలో రోజుకు 9 గంటలు, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటలు. భారతదేశంలో, 2025లో కొత్త కార్మిక స్మృతి వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మొత్తం పనినే సాధారణంగా రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు పరిమితం చేసింది. కాగితం మీద చూస్తే ఎక్కడైనా సరే, ఒంటరి డ్రైవరు లారీ రోజులో దాదాపు సగమైనా నిలబడి ఉండవలసిందే. అమెరికా లాంటి చోట ఇద్దరుంటే ఆ ఇబ్బంది లేదు. ఒకరు నడిపే గంటలను మరొకరి విశ్రాంతి కింద రాసుకుంటే లారీ రాత్రీ పగలూ నడుస్తుంది. అమెరికాలో జోడీ లారీ రోజుకు పదహారు వందల కిలోమీటర్ల దాకా వెళ్ళగలదు. ఒంటరి డ్రైవరు అందులో సగానికి కాస్త అటూ ఇటూ.

అంటే ఈ వ్యాపారమంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. పడకలో ఉన్న మనిషి విశ్రాంతి తీసుకుంటున్నాడు అనేదే ఆ నమ్మకం. మా అభ్యంతరం కూడా సరిగ్గా దాని మీదే. ఎందుకో వరుసగా చెబుతాం.

1. కదిలే పడకలో నిద్ర

పడక గురించి మీలో చాలామంది అడగరు కాబట్టి ముందు దాని కొలతలు చెబుతాం. అమెరికా నిబంధన అడిగే కనీస పొడవు 75 అంగుళాలు, వెడల్పు 24, పరుపు పైన ఖాళీ 24. సెంటీమీటర్లలో అయితే 190 పొడవు, 61 వెడల్పు, 61 ఎత్తు. కొత్త లారీల్లో ఇంతకన్నా విశాలమైనవి ఉంటాయి, కాదనడం లేదు. కానీ చట్టం దృష్టిలో ఒక పెద్ద మనిషి పది గంటల విశ్రాంతికి ఈ పెట్టె చాలు.

లారీ కదులుతుంటే అందులో పట్టీ కట్టుకుని పడుకోవాలి. గట్టిగా బ్రేకు పడితే మనిషి ముందుకు విసిరేసినట్టు పోకుండా ఆ పట్టీయే ఆపుతుంది. ఎటు ఒత్తిగిల్లినా అది నడుము దగ్గరో భుజం దగ్గరో ఒరుసుకుంటుంది. వంతెన అతుకుల మీదుగా వెళ్ళిన ప్రతిసారీ కింద నుంచి ఒక పోటు. చల్లబరిచే ట్రెయిలర్ అయితే దాని కంప్రెసరు ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. ఒకే తీరుగా మోగే శబ్దానికి చెవి అలవాటు పడుతుంది గానీ, ఆగి మొదలయ్యే శబ్దానికి పడదు. పక్క మనిషి నడిపే పద్ధతి ఇంకా తెలియని రోజుల్లో అయితే, లారీ కాస్త నెమ్మదించినా చాలు, పడకలో ఉన్నవాడి కుడికాలు నిద్రలోనే బ్రేకు వెతుకుతుంది. ఈ పని చేసిన వారెవరినైనా అడిగి చూడండి, నవ్వి అవునంటారు.

ఇది మా ఒక్కరి ఫిర్యాదు కాదని చెప్పడానికి నిబంధనలే సాక్ష్యం. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన 561వ నియమావళి ప్రకారం డ్రైవరు తన రోజువారీ విశ్రాంతిని వాహనంలో తీసుకోవాలంటే రెండు షరతులు ఉన్నాయి. ప్రతి డ్రైవరుకూ తగిన పడక ఉండాలి, వాహనం ఆగి ఉండాలి. జోడీ డ్రైవర్లకు కాస్త వెసులుబాటు ఇచ్చి ప్రతి 30 గంటల్లో కనీసం 9 గంటల విశ్రాంతి అన్నారు, కానీ ఆగి ఉండాలనే షరతును తీసేయలేదు. అట్లాంటిక్‌కు ఐరోపా వైపున కదిలే లారీలో గడిపిన గంటలు రోజువారీ విశ్రాంతి కావు, అమెరికా వైపున అవుతాయి. మనిషి శరీరం మాత్రం రెండు చోట్లా ఒకటే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో ఆమోదించిన 153వ ఒడంబడిక మరింత స్పష్టంగా ఉంది. రోజులో వరుసగా కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని, ఆ సమయంలో వాహనానికీ సరుకుకూ తగిన భద్రత చూసుకున్న డ్రైవరును వాహనంలో గానీ దాని దగ్గర గానీ ఉండమని అడగకూడదని అంటుంది. చదివితే కడుపు నిండుతుంది. అదే ఒడంబడిక, ఇద్దరు డ్రైవర్లున్న వాహనాల విషయంలో విశ్రాంతి నిడివికీ, దాన్ని తీసుకునే తీరుకూ ప్రభుత్వాలు మినహాయింపులు ఇవ్వవచ్చని కూడా అంటుంది. మా వంతు వచ్చేసరికి మినహాయింపే మిగిలింది.

2. గేటు దగ్గర ఏం జరుగుతుందంటే

లారీ ఆగిన తరువాతైనా పడకలో ఉన్నవాడు నిద్రపోతాడనుకుంటారు. నిజానికి అక్కడే లేస్తాడు.

కొన్ని గోదాముల గేటు దగ్గర ఒక బండికి ఒక డ్రైవరే లోపలికి అనే నియమం ఉంది. భద్రత పేరుతో పెట్టిన నియమం అది. ఒంటరి డ్రైవర్ల లారీలో ఎవరెవరినో ఎక్కించుకు రాకుండా పెట్టి ఉంటారు, అర్థం చేసుకోగలం. కానీ మా లారీలో రెండో మనిషి ప్రయాణికుడు కాదు. మరో నాలుగు గంటల్లో అదే బండిని రాత్రంతా నడపవలసిన డ్రైవరు. అతన్ని నిద్రలేపి, దుప్పటి పక్కన పెట్టించి, చెప్పులు తొడిగించి గేటు బయట నిలబెడుతున్నారు. బయట కూర్చోవడానికి ఒక బల్ల ఉంటే అదృష్టం. ఇద్దరికీ లైసెన్సులున్నాయి, ఇద్దరి పేర్లూ ట్రిప్పు కాగితాల మీద ఉన్నాయి, ముందురోజే కంపెనీ పంపిన వివరాల్లోనూ ఉన్నాయి. అయినా కాపలాదారు దగ్గరున్న ఫారంలో ఒకే గడి ఉంది కాబట్టి ఒకరే లోపలికి. ఆ కాపలాదారు మీద మాకు కోపం లేదు. ఆ ఫారం తయారు చేసిన బాబు ఎవరో ఇద్దరు డ్రైవర్లున్న లారీని ఎప్పుడూ చూసి ఉండడు.

ఇంకొన్ని చోట్ల ఇద్దరినీ లోపలికి పంపుతారు. డాక్‌కు, అంటే సరుకు దించే అరుగుకు, ఆనించాక తాళాలు తీసుకుని, సరుకు దించేంతవరకూ క్యాబిన్‌లో ఎవరూ ఉండకూడదంటారు. సరుకు దించుతుండగా బండి కదిలి ఫోర్క్‌లిఫ్ట్ (సరుకు ఎత్తే చిన్న వాహనం) కింద పడిన ప్రమాదాలు ఉన్నాయి గనుక తాళాలు తీసుకోవడాన్ని మేము తప్పుపట్టం, అది మంచి పద్ధతే. చక్రానికి అడ్డు పెట్టండి, ట్రెయిలర్‌ను డాక్‌కు కొక్కెంతో బిగించండి, తాళాలు మీ దగ్గరే పెట్టుకోండి. ఇన్ని చేశాక కూడా నిద్రపోతున్న మనిషిని దించవలసిన అవసరం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

క్యాబిన్‌లోనే ఉండనిచ్చిన చోట నిద్ర పడుతుందా అంటే, ఫోర్క్‌లిఫ్ట్ ట్రెయిలర్‌లోకి వచ్చిన ప్రతిసారీ బండి మొత్తం ముందుకు ఊగి వెనక్కు వస్తుంది. ఒక్కో ప్యాలెట్‌కు, అంటే సరుకు పేర్చిన చెక్క పలకకు, రెండు ఊపులు, వచ్చేటప్పుడు ఒకటి, పోయేటప్పుడు ఒకటి. ట్రెయిలర్‌లో ఇరవై ఆరు ప్యాలెట్లుంటే లెక్క మీరే వేసుకోండి. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి తలుపు మీద బాదుతారు. కాగితం మీద సంతకం, సీలు నంబరు, మరో డాక్‌కు మార్చమనడం, ఏదైనా కావచ్చు. పని మీద ఉన్న డ్రైవరు ఆ కౌంటరు దగ్గరే నిలబడి ఉంటాడు. అయినా తలుపే బాదుతారు.

3. నిరీక్షణకు చెల్లించేది ఎవరు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇద్దరు డ్రైవర్లున్న లారీలో ఆలస్యం ఒక మనిషి గంటలను మాత్రమే తినదు, ఇద్దరి నిద్ర వరుసనూ తలకిందులు చేస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాం. ఊహించి రాసింది కాదు, మాలాంటివాళ్ళందరికీ తెలిసినదే.

పగటి డ్రైవరు ఉదయం ఆరింటికి స్టీరింగు పట్టాడు. రాత్రి డ్రైవరు అప్పుడే పడకలోకి చేరాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు గోదాము చేరారు. గేటు దగ్గర రాత్రి డ్రైవరును లేపారు. రెండు గంటలకు ఇచ్చిన సమయం కాస్తా సాయంత్రమైంది. సరుకు దించడం ముగిసి కాగితాలు చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. పగటి డ్రైవరు పని మొదలుపెట్టి పదిహేను గంటలు. ఇక అతను నడపకూడదు. రాత్రి డ్రైవరు లాగ్, అంటే యంత్రంలో నమోదయ్యే పని గంటల లెక్క, చూస్తే పదిహేను గంటలు పడకలోనే ఉన్నట్టు ఉంటుంది. ఉండవలసినదానికన్నా ఎక్కువ విశ్రాంతి. యంత్రం పచ్చజెండా చూపిస్తుంది, డిస్పాచరు తరువాతి లోడు పంపిస్తాడు, లారీ బయలుదేరుతుంది.

ఆ రాత్రి డ్రైవరు ఒంటిగంట నుంచి మెలకువగా ఉన్నాడు. మరునాడు ఉదయం ఆరింటికి అతని మెలకువ 17 గంటలకు చేరుతుంది, దానిలో చివరి తొమ్మిది గంటలు స్టీరింగు ముందు, అందులోనూ శరీరం నిద్రకు అన్నిటికన్నా ఎక్కువగా లొంగే తెల్లవారుజాము రెండు నుంచి ఐదు దాకా. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో చూపించింది ఏమిటంటే, 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి పనితీరుతో సమానం. భారతదేశంలో 30 మిల్లీగ్రాములు దాటితేనే కేసు. తాగి నడిపితే మమ్మల్ని జైలుకు పంపే చట్టం ఉంది, ఉండాలి కూడా. అదే స్థితికి మమ్మల్ని తెచ్చి రోడ్డు మీదకు వదిలిన ఏడు గంటల ఆలస్యానికి ఏ సెక్షనూ లేదు.

గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే లారీ ప్రతి సెకనుకు 25 మీటర్లు పోతుంది. మూడు సెకన్ల కునుకంటే 75 మీటర్లు. ఆ 75 మీటర్లలో ఉండేది మేమొక్కరమే కాదు. ముందు కారులో పిల్లలతో ఇంటికి వెళ్తున్న కుటుంబం ఉంటుంది, రోడ్డు పక్క టైరు మార్చుకుంటున్న మనిషి ఉంటాడు, మా పడకలో పట్టీ కట్టుకుని పడుకున్న రెండో డ్రైవరు ఉంటాడు.

ఆలస్యానికీ ప్రమాదానికీ సంబంధం ఏమిటని అడిగేవారికి ఒక సంఖ్య. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో ఇచ్చిన నివేదికలో, సరుకు ఎక్కించే, దించే చోట లారీ ఉండే సగటు సమయం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా వేశారు. పదిహేను నిమిషాలకు అంత. గోదాముల్లో మేము గడిపేది గంటల్లో.

4. ఫోను

పడకలో ఉన్న డ్రైవరుకు ఫోను చేయకండి. స్టీరింగు పట్టుకున్నవాడు ఫోను ఎత్తకూడదు కాబట్టి రెండోవాడికి చేస్తామని డిస్పాచర్లు చెబుతారు. ఎక్కడున్నారు, ఎన్నింటికి చేరతారు అని తెలుసుకోవడానికి. బండి ఎక్కడుందో మీ తెర మీద కనిపిస్తూనే ఉంది కదా.

5. డబ్బు

మామూలుగా మాకు కిలోమీటరుకు ఇంత అని కడతారు. అదీ లారీ తిరిగిన మొత్తం దూరం మీద వచ్చినదాన్ని ఇద్దరికీ పంచుతారు. బండి ఆగిందంటే ఇద్దరి జీతమూ ఆగింది. డాక్ దగ్గర ఏడు గంటలు నిలబడితే ఇద్దరు మనుషులు కలిసి పద్నాలుగు గంటలు ఊరికే ఇచ్చినట్టు. ఆలస్య రుసుము ఉన్న చోట కూడా మొదటి రెండు గంటలు ఉచితమని రాసుకుంటారు, ఆ తరువాతిది వసూలైనా డ్రైవరు దాకా వచ్చేది కొంతే. పైగా లారీకి ఒకటే రుసుము, లోపల ఎంతమంది ఉన్నా సరే.

ఈ జీతం పద్ధతి మీద ఐరోపా నియమావళిలో ఒక మాట ఉంది. రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చేలా ఉంటే, తిరిగిన దూరాన్ని బట్టో మోసిన సరుకును బట్టో డ్రైవర్లకు జీతం గానీ బోనస్ గానీ ఇవ్వకూడదు. అమెరికాలో మరోవైపు, 1938 నాటి కార్మిక చట్టం నుంచే అంతర్రాష్ట్ర లారీ డ్రైవర్లలో అత్యధికులను ఓవర్‌టైమ్ హక్కుకు బయట ఉంచారు.

పడకలో గడిపిన గంటలకు జీతం ఎందుకు అని మీరు అడుగుతారు. ఇదే ప్రశ్న అమెరికా కోర్టుల దాకా వెళ్ళింది. 2023 డిసెంబరులో ఫస్ట్ సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు జోడీ డ్రైవర్ల కేసులో తీర్పు ఇచ్చింది. కదిలే లారీలో రోజుకు 8 గంటలకు మించి పడకలో ఉండవలసి వస్తే, ఆ మించిన సమయం పని సమయమే, దానికి కనీస వేతనం లెక్కగట్టాలి అంది. ఆ మనిషి బండి దిగి వెళ్ళలేడు, తన పని చూసుకోలేడు, యజమాని సరుకుతోనే యజమాని చెప్పిన చోటికే వెళ్తున్నాడు అన్నది మా వాదన కూడా. మొదటి 8 గంటల సంగతి వేరే చర్చ, దాన్ని ఇక్కడికి తీసుకురావడం లేదు. ఆపైన గంటల గురించే అడుగుతున్నాం.

6. ఎవరితో జోడీ

ఒకే గదిలో వారాల తరబడి ఉండే మనిషిని ఎంచుకునే హక్కు మాకు ఉండాలి. పైగా ఇది గది కూడా కాదు. అతను నడుపుతుంటే నేను కళ్ళు మూసుకోవాలి. అంతకన్నా పెద్ద నమ్మకం ఉద్యోగాల్లో అరుదు. కానీ చాలా కంపెనీల్లో పేర్లు రెండు కలిపి మెసేజి పంపుతారు. మొదటి పరిచయం యార్డులో, మొదటి నిద్ర ఆ రాత్రే. కుదరలేదని చెబితే లోడ్లు తగ్గుతాయి. మహిళా డ్రైవర్లకు ఇది సర్దుబాటు ప్రశ్న కాదు, ప్రాణభయం. తలుపులేని పడకలో, బండి ఎక్కడుందో తెలియని చీకటిలో, ముక్కూమొహం తెలియని మనిషి పక్కన. ఫిర్యాదు చేసిన మనిషినే బండి దించి ఇంటికి పంపడం, అవతలి వ్యక్తికి మరో జోడీని వెతికిపెట్టడం ఆగాలి.

శిక్షణ పేరుతో నడిచే మరో తంతు కూడా ఉంది. లైసెన్సు వచ్చి వారాలు గడవని కొత్త డ్రైవరును, అనుభవమున్న డ్రైవరు కింద పెడతారు. రెండు పేర్లు ఉన్నాయి కాబట్టి జోడీ లోడు ఇస్తారు. ఇక రాత్రి కొత్తవాడు నడుపుతుంటే నేర్పవలసినవాడు వెనక నిద్రపోతుంటాడు. నిద్రపోకపోతే మరునాడు అతను నడపలేడు. కొండ దిగేటప్పుడు ఏ గేరులో దిగాలో, వానలో ఖాళీ ట్రెయిలర్ ఎలా జారుతుందో ఆ కొత్తవాడికి ఎవరు చెబుతారు? ఇది శిక్షణ ముసుగులో చవకగా తిప్పుకునే జోడీ తప్ప మరొకటి కాదు.

7. మరుగుదొడ్డి

లారీలు వచ్చే ప్రతి గోదాములో డ్రైవర్లకు మరుగుదొడ్డి ఉండాలని రాయవలసి రావడమే మీకు చిన్నతనం. సిబ్బందికి మాత్రమే అన్న బోర్డు తీసేయండి. మహిళా డ్రైవర్ల కోసం లోపల గడియ పడే తలుపు పెట్టించండి.

ఇక మీరు చెప్పే సమాధానాలు. ఇష్టం లేకపోతే ఒంటరిగా నడపవచ్చు కదా అంటారు. నడపవచ్చు, చాలామంది అలాగే వెళ్ళిపోతున్నారు కూడా. కానీ రాత్రికి రాత్రి చేరవలసిన మందులను అప్పుడు ఎవరు తెస్తారో కూడా మీరే చెప్పాలి. జోడీలకు ఎక్కువ సంపాదన అంటారు. లారీకి ఎక్కువ వస్తుంది, అందులో సగం మనిషికి వస్తుంది. ఇంటికి దూరంగా గడిపిన మొత్తం గంటలతో భాగిస్తే మిగిలేది ఎంతో మీ లెక్కల విభాగానికి తెలుసు. వినియోగదారులే త్వరగా కావాలంటున్నారు అనేది మూడో సమాధానం. ఇది చదివే వినియోగదారులు దయచేసి గమనించండి, మీరు అడిగింది త్వరగా రావాలనే తప్ప, నిద్రలేని మనిషి చేత పంపమని కాదు. రేపు రావలసిన సబ్బుల పెట్టె ఎల్లుండి వస్తే మీలో ఎంతమందికి ఇబ్బందో మాకు అనుమానమే. అన్ని సరుకులకూ అత్యవసర ముద్ర వేసేది అమ్మేవాళ్ళు.

మా డిమాండ్లు ఎవరివి వారికి విడివిడిగా రాస్తున్నాం, మళ్ళీ ఒకరినొకరు చూపించుకోకుండా.

గోదాముల నిర్వాహకులకు: గేటు ఫారంలో రెండో డ్రైవరుకు గడి పెట్టండి, లైసెన్సు చూసి అతన్ని పడకలోనే ఉండనివ్వండి. లారీ గేటు చేరిన సమయాన్ని, డాక్ వదిలిన సమయాన్ని ముద్ర వేసి డ్రైవరు చేతికి ఇవ్వండి. ఇప్పుడు మీరు ఇచ్చే కాగితం మీద డాక్‌కు ఆనించిన సమయమే ఉంటోంది, గేటు బయట వరుసలో గడిచిన గంటలు ఎక్కడా కనిపించడం లేదు. జోడీ లారీలకు ఇచ్చిన సమయానికి డాక్ ఇవ్వలేకపోతే, ఎవరూ తలుపు తట్టని, ఆగి నిద్రపోయే చోటు ఆవరణలో చూపించండి. సంతకాలకు కౌంటరు దగ్గరున్న డ్రైవరునే పిలవండి.

రవాణా కంపెనీలకు: ఆలస్య రుసుము గేటు చేరిన నిమిషం నుంచి, ఇద్దరు డ్రైవర్లకూ వేర్వేరుగా లెక్కగట్టి, జీతం చీటీలో వేరే వరుసలో చూపించండి. పడకలో 8 గంటలు దాటిన సమయానికి కనీస వేతనం ఇవ్వండి. డాక్ దగ్గర నిద్ర చెడిందని రాత్రి డ్రైవరు చెబితే లోడు వెనక్కు జరపండి, అలా చెప్పినందుకు తరువాతి వారం లోడ్లు తగ్గించకండి. ఈ ఒక్కదానికి లిఖితపూర్వక హామీ కావాలి, ఎందుకంటే నోటిమాటలు ఇప్పటికే చాలా విన్నాం. జోడీని ఇద్దరి అంగీకారంతోనే కట్టండి. శిక్షణలో ఉన్న డ్రైవరు నడుపుతున్నంతసేపూ నేర్పేవాడు పక్క సీట్లోనే ఉండాలి. ఆ బండికి జోడీ లోడు ఇవ్వకండి.

నిబంధనలు రాసే అధికారులకు: లాగ్ యంత్రం పడకలో ఉన్నట్టు నమోదు చేసిన గంటలను, గేటు దగ్గర, డాక్ దగ్గర గడిచిన గంటలతో సరిపోల్చండి. రెండు వివరాలూ ఇప్పటికే కంప్యూటర్లలో ఉన్నాయి, కలిపి చూసేవారే లేరు. సరుకు దించుతుండగా పడకలో గడిచిన సమయాన్ని విశ్రాంతి కింద లెక్కించడం ఆపండి. ప్రతి 30 గంటల్లో కనీసం 9 గంటలు లారీ ఆగి ఉండాలనే ఐరోపా పద్ధతిని మిగిలిన చోట్లా తీసుకురండి. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు లాగ్‌తో పాటు, అంతకు ముందు ఆ బండి ఆగిన గోదాము గేటు రికార్డును కూడా దర్యాప్తులో తెప్పించండి. ఆలస్యానికి కారణమైనవాళ్ళ పేరు ఒక్కసారి ఆ కాగితాల్లోకి వస్తే, మేము ఇన్నాళ్ళూ అడిగి సాధించలేని చాలా విషయాలు వాటంతట అవే జరుగుతాయి.

ఈ లేఖ అందిన నెల రోజుల్లో మీలో ప్రతి ఒక్కరూ తమ వంతు డిమాండ్లలో ఏది ఎప్పటి నుంచి అమలు చేస్తారో తేదీతో రాయాలని కోరుతున్నాం. చేయలేనిది ఉంటే కారణం రాయండి. పరిశీలనలో ఉంది అనే సమాధానాన్ని మేము నిరాకరణగానే తీసుకుని, జోడీ లోడ్లను తీసుకోవాలా వద్దా అని మిగిలిన డ్రైవర్లతో కలిసి నిర్ణయించుకుంటాం.

ఇట్లు,
జోడీ లారీ డ్రైవర్లు